ఎనిమిదో రీలు

సినిమా హాళ్ళలో ఉద్యోగానికి వచ్చే కుర్రవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పిక్చర్ ఆడుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది సార్?"

తెలియదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆ పని మీదే బతికాను, అయినా తెలియదు. తెలిసినట్టు మొహం పెట్టడం మాత్రం బాగా వచ్చింది. ఆ మొహం చూసే మా ఓనరు సూర్యంగారు నన్ను అన్నేళ్ళు నమ్మారు.

ఆయనవి మూడు హాళ్ళు. బళ్లారిలో ఒకటి, కురుగోడులో ఒకటి, కంప్లిలో ఒకటి. ఏ పిక్చర్ ఏ హాలులో వేయాలి, ఎన్నాళ్ళు ఉంచాలి, ఎప్పుడు ఎత్తేయాలి, ఇది నా పని. పేరుకు బుకింగ్ మేనేజర్ని. నిజానికి నాది అనుమానించే ఉద్యోగం. డిస్ట్రిబ్యూటరు "గుంటూరంతా హౌస్‌ఫుల్" అంటే అనుమానించాలి. పోస్టరు మీద ఉన్న పులి సినిమాలో ఉందా అని అనుమానించాలి. బయటికి వచ్చే జనం "బాగుంది" అన్నా నమ్మకూడదు. పెళ్ళాన్ని తెచ్చినవాడు ఎలాగూ బాగుందనే అంటాడు. అందుకే నేను జనం కాళ్ళు చూసేవాణ్ణి. నిజంగా భయపడ్డవాడు తెలియకుండానే కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంటాడు. విసుగెత్తినవాడి చెప్పులు వాడికంటే ముందే గుమ్మం వైపు తిరుగుతాయి.

అన్నిటికంటే ఎక్కువ అనుమానించాల్సింది ఆపరేటర్లను అని నాకు నేర్పారు. పైన క్యాబిన్లో కూర్చుని మిషను తిప్పేవాడు ఏం చేస్తున్నాడో కింద ఎవరికీ కనబడదు. తొందరగా ఇంటికి పోవడానికి పాటలు ఎగ్గొట్టిన వాళ్ళను పట్టుకున్నాను. అంతకంటే చెడ్డపని చేసినవాణ్ణి కూడా ఒకణ్ణి పట్టుకున్నాను. మామూలు పిక్చర్ మధ్యలో బూతు బిట్లు అతికించి వేసేవాడు. ఆ బిట్ల కోసం ఊరంతా ఎగబడేది. పోలీసులు వస్తే మాత్రం హాలు లైసెన్సు పోయేది. అతన్ని ఆ పూటే పంపించేశాను. ఆ తర్వాత ఏ హాలులో కారణం లేకుండా జనం పెరిగినా నా ముక్కుకు ముందు ఆ వాసనే తగిలేది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడి నుంచే పుట్టింది.

బోరుబావి పిక్చర్

నేను పనిలో చేరిన కొత్తలో ఒక ఇంగ్లీషు సినిమా తెలుగులో డబ్బింగ్ అయి వచ్చింది. ఎడారిలో బోరు తవ్వే ఒక క్యాంపు. కొందరు అక్కడికి వెళ్ళేసరికి క్యాంపులో మనిషి లేడు. మంచాల మీద పక్కలు పరిచి ఉన్నాయి, తీగ మీద తడిబట్టలు ఇంకా కారుతున్నాయి. మధ్యలో అంతు తెలియని బోరుబావి. వేరే లోకం నుంచి వచ్చింది ఏదో ఆ బావిలో ఉంది. అది మాయమైపోయినవాళ్ళ గొంతులతో పైనున్నవాళ్ళను పేరుపెట్టి పిలుస్తుంది. పలికి దగ్గరికి పోయినవాడు తిరిగి రాడు. అది ఎలా ఉంటుందో చివరిదాకా చూపించరు.

మా పక్క బోర్లు లేని ఊరు ఏది? జనానికి అది సైన్సు సినిమా అని తోచలేదు. "బోరుబావి పిచ్చర్" అని పేరు పెట్టుకుని, మూడు హాళ్ళలోనూ వారాలకు వారాలు చూశారు. కంప్లి బస్టాండులో ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మొదటిసారికి ఒక్కడూ పలికేవాడు కాదు.

కంప్లి హాలులో అప్పట్లో ఆపరేటరు హొన్నూరప్ప. సొంతూరు సిరుగుప్ప పక్క దేశనూరు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఒకరోజు క్యాబిన్లోకి వెళ్తే, బావిలోంచి పిలుపు వచ్చే చోట అతను చేత్తో సౌండు తగ్గిస్తున్నాడు.

"పెంచాల్సిన చోట తగ్గిస్తావేమయ్యా?" అన్నాను.

"పెంచితే జనం యెనక్కి వాల్తారప్పా. తగ్గిస్తే ముందుకి వంగుతారు. రా, ఈ కిటికీలో చూడు."

గోడకున్న చిన్న కిటికీలోంచి చూశాను. హాలంతా ముందుకు వంగి ఉంది. ఆ రోజు నేను అతని దగ్గర పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకోలేదని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది.

ముందు కథ

తర్వాత గనుల రోజులు వచ్చాయి. మీరు వాటి గురించి చాలా వినివుంటారు. మా వ్యాపారం వైపు నుంచి చూస్తే అవి దుమ్ము రోజులు. ఇనుప రాయి లారీల దుమ్ము హాలులోకి వచ్చి మిషను లెన్సు మీద, తెర మీద పడేది. ఎన్నిసార్లు తుడిపించినా బళ్లారి తెర మీద హీరోయిన్ల చీరలన్నీ కాస్త ఎర్రగానే కనబడేవి. ప్రేక్షకులూ మారిపోయారు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు, నిన్నటిదాకా వరి వేసుకుని ఇవాళ రాయి తవ్విస్తున్న రైతులు. ఒకరినొకరు నమ్మని కాలం. నిన్న పక్కన కూర్చుని టీ తాగినవాడు ఇవాళ ఎవరి మనిషో తెలిసేది కాదు.

సూర్యంగారి తండ్రి కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వలస రైతుల క్యాంపులో భూమి కొన్నారు. ఆ వరి మీదే ఈ హాళ్ళు లేచాయి. ఈ రోజుల్లో సూర్యంగారు కూడా లారీలు కొన్నారు. ఆయన మనసు హాళ్ళ మీద సగమే ఉండేది.

సరిగ్గా అప్పుడే ఆ బోరుబావి పిక్చర్‌కు ముందు జరిగిన కథను సినిమాగా తీశారని, తెలుగులో వస్తోందని తెలిసింది. ఆ క్యాంపులో మనుషులు ఎవరు, ఎందుకు తవ్వారు, ఎలా మాయమయ్యారు, అదే కథ.

సూర్యంగారు మొదటే పెదవి విరిచారు. "ఏవండీ శేషగిరిగారూ, చివరికి అందరూ పోతారని తెలిసిన కథ ఎవరు చూస్తారండీ?"

"పాత పిక్చర్లో దయ్యం ఎలా ఉంటుందో అసలు చూపించలేదు కదండీ. ఇందులో మొత్తం చూపిస్తున్నారట. జనం ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అది" అన్నాను.

ప్రివ్యూ చూశాను. ఇప్పుడు నా అభిప్రాయం చెప్పమంటే, మొదటి ఏడు రీళ్ళు పాత సినిమాకు ఏమాత్రం తీసిపోవు. తవ్వకం పెద్దాయన లోతు తప్పుగా రాయిస్తుంటాడు. మట్టి రంగు మారిందని ఒక కూలీ చెబితే అతని నోరు నొక్కుతారు. ఎవరు ఎవరికి చెప్పారని ఒకరినొకరు చాటుగా గమనించుకుంటారు. వీళ్ళంతా పోతారని మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. అందుకే ఇందులో భయం తక్కువ, అనుమానం ఎక్కువ. ముందు కథ చెప్పేవాడి చేతిలో ఉన్న సరుకు అదొక్కటే. ఏం జరుగుతుందో దాచలేడు కాబట్టి, ఎవరి వల్ల జరుగుతుందో దాచాలి.

ఏడో రీలు చివర తవ్వకం పెద్దాయనే తాడు పట్టుకుని బావిలోకి దిగుతాడు. ఎనిమిదో రీలులో ఆ జీవాన్ని చూపించారు, తల నుంచి తోక దాకా. అది ఏ నక్షత్రం నుంచి వచ్చిందో, ఏం తింటుందో, ఎందుకు తింటుందో ఒక శాస్త్రజ్ఞుడు తీరిగ్గా వివరిస్తాడు. తొమ్మిదో రీలు తెల్లవారి ఖాళీ క్యాంపుతో మొదలవుతుంది.

ఆ ప్రివ్యూ రోజున నాకు మాత్రం ఎనిమిదో రీలే పిక్చర్‌కు ప్రాణం అనిపించింది. పోస్టరు మీద కూడా ఆ జీవాన్నే వేయించాను.

బళ్లారిలో మార్నింగ్ షోకి వెళ్ళి వెనక నిలబడ్డాను. ఏడో రీలు దాకా కాళ్ళన్నీ కుర్చీల మీదే ఉన్నాయి. ఎనిమిదో రీలులో అది బయటికి రాగానే నేల టికెట్టులో ఒకడు, "ఓర్నీ, తడిసిన ఎనుము తోలు మాదిరి ఉండాది!" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ భయపడలేదు. నాలుగో రోజుకు హాలు ఖాళీ.

నేను దుమ్మును తిట్టాను, పరీక్షల రోజులని అన్నాను, డబ్బింగ్ గొంతులు బాగాలేవన్నాను. రీలును మాత్రం అనుమానించలేదు. ప్రింటు డబ్బాలు కట్టించి కంప్లికి పంపించేశాను. మూడు రోజులు ఆడితే చాలనుకున్నాను.

కంప్లి మ్యాట్నీ

మూడు రోజులు కాదు, రెండో వారంలో కూడా కంప్లి హాలు నిండిపోతోందని మేనేజరు ఫోన్ చేశాడు. అతని గొంతులో సంతోషం. నాకు మాత్రం పాత వాసన తగిలింది. బళ్లారిలో చచ్చిన పిక్చర్ కంప్లిలో ఎలా బతికింది?

చెప్పకుండా బస్సెక్కాను. లారీల వరుసలో ఇరుక్కుని కంప్లి చేరేసరికి మ్యాట్నీకి జనం లోపలికి పోతున్నారు. టికెట్టు కొనుక్కుని బెంచీలో కూర్చున్నాను. నా పక్కన నాట్లు వేసి నేరుగా వచ్చినట్టున్న ఆడవాళ్ళు అయిదారుగురు ఉన్నారు, మోకాళ్ళ దాకా బురద ఆరిపోయి ఉంది. ముందు వరుసలో ఒక ముసలాయన మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఇదంతా నేను చూశాను. చూసి ఏమీ అర్థం చేసుకోలేదు.

సినిమా నడుస్తోంది. ఏడో రీలు చివర తవ్వకం పెద్దాయన బావిలోకి దిగాడు. చేతిలో టార్చి ఆరిపోయింది. చీకటి. ఆ వెంటనే తెరమీద తెల్లవారింది. ఖాళీ మంచాలు, తీగ మీద కారుతున్న బట్టలు. నా పక్కనున్న ఆమె "అయ్యో!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిదో రీలు లేదు.

బిట్లు కూడా లేవు. కానీ నా బుర్ర అక్కడ ఆగలేదు. షో టైము మారలేదు, పది నిమిషాల రీలు పోయింది. అంటే ఆ పది నిమిషాల జాగా వేరే దేనికో ఖాళీ చేశారు. గేటు దగ్గర నన్ను ఎవరో గుర్తుపట్టి పైకి చెప్పివుంటారు, అందుకే ఇవాళ బిట్లు వేయలేదు. లెక్క సరిపోయింది. చెడ్డ అనుమానానికి ఒక గుణం ఉంది. దానికి కావలసిన సాక్ష్యం ఎప్పుడూ దొరుకుతుంది, దొరక్కపోతే దొరకకపోవడమే సాక్ష్యం అవుతుంది.

గేటు దగ్గర

షో వదిలారు. తర్వాతి షోకి వచ్చినవాళ్ళు గేటు బయట గుంపుగా ఉన్నారు. హొన్నూరప్ప టీ తాగడానికి కిందికి దిగివచ్చాడు. నన్ను చూడగానే అతని మొహం విప్పారింది.

"ఏందప్పా, చెప్పకుండా వస్తివి? ఊటా ఆయెనా?"

భోజనమైందా అని అడిగాడు. నేను నేరుగా విషయానికి వచ్చాను.

"ఎనిమిదో రీలు ఏది?"

"పైన ఉండాది."

"తీసిన జాగాలో ఏం వేస్తున్నావు?"

అతనికి మొదట అర్థం కాలేదు. "ఏమేసేదప్పా?"

"నాకు తెలియదనుకున్నావా? బళ్లారిలో పోయిన పిక్చర్‌కు ఇక్కడ ఇంత జనం ఊరికే వస్తారా? ఎన్నాళ్ళ నుంచి బిట్లు వేస్తున్నావు?"

గట్టిగానే అన్నాను. గుంపులో మొహాలన్నీ మా వైపు తిరిగాయి. నాతోపాటు సినిమా చూసిన ఆడవాళ్ళు ఇంకా గేటు దాటలేదు. ఒకామె హొన్నూరప్ప వైపు చూసి చప్పున కొంగు కప్పుకుంది. ఆ చూపు అతను చూశాడు. నేనూ చూశాను.

"నేను అట్లాటోణ్ణి కాదప్పా" అన్నాడు, చాలా మెల్లగా.

"మరి జనం ఎందుకు వస్తున్నారు?"

అతను ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి ఆగిపోయాడు. పైకి వెళ్ళాడు. కొంతసేపటికి ఎనిమిదో రీలు డబ్బా తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. దాని మీద క్యాబిన్ తాళాలు పెట్టాడు. టీ కూడా తాగకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

నేను సూర్యంగారికి ఫోన్ చేసి, హొన్నూరప్ప బిట్లు వేస్తున్నాడని చెప్పాను. ఆయన లారీ గొడవలో ఉన్నారు. "అంతేనండి, ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మకూడదండి. తీసేయండి" అన్నారు. అంతటితో ఇరవై ఏళ్ళ నౌకరీ అయిపోయింది.

ఈరమ్మ మాట

మర్నాడు వేరే ఆపరేటరును పెట్టి ఎనిమిదో రీలు చేర్పించాను. మ్యాట్నీలో ఆ తోలు జీవం బయటికి వచ్చింది. బళ్లారిలో వినిపించిన నవ్వే కంప్లిలోనూ వినిపించింది. మూడో రోజుకు బెంచీలు ఖాళీ అయ్యాయి.

హాలు ముందు ఈరమ్మ బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మేది. ఆ రోజు నేను వెళ్తే పొట్లం కట్టి ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు.

"ఏం ఈరమ్మా, బేరం లేదా?"

"యాడుంటాదప్పా? దయ్యం మొగం చూపిస్తిరి. మొగం చూసినంక ఇంగ భయం ఏముంటాది? మా అత్త మాదిరే ఉండాది అంటా నవ్వుకుంటా పోతాండారు."

నేను బజ్జీ కొరకలేదు.

"హొన్నూరన్న మొదటి దినమే చూసి కిందికొచ్చి చెప్పె, ఈ రీలు ఏస్తే పిచ్చర్ చస్తాది ఈరమ్మా అని. అందుకే తీసిపెట్టె. అంతే. ఊరికే సుమ్నే బిట్లు గిట్లు అంటివి నువ్వు."

"నాకెలా తెలుస్తుంది?"

అప్పుడు నా మొహం చూసింది. "నువ్వు లోపల కూసోని చూడలేదా? ఆడోళ్ళు పిల్లోళ్ళను పిల్చుకోని వస్తాండ్రి. బిట్లేసే టాకీసుకి ఆడోళ్ళు వస్తారా అప్పా?"

బురద ఆరిన కాళ్ళు గుర్తొచ్చాయి. కాళ్ళు చూసి జనాన్ని చదువుతానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నా మోకాలికి తగిలేంత దగ్గరగా ఉన్న కాళ్ళను చదవలేకపోయాను.

ఇక్కడ మీరు నన్ను ఒక మాట అడగవచ్చు. ఆపరేటరు సొంతంగా రీలు తీసేయడం తప్పు కాదా? తప్పే. ఎవరో తీసిన సినిమాను కోసే హక్కు అతనికి లేదు. ముందు నాకు చెప్పాల్సింది. అయితే ఆ తప్పుకు అతన్ని అడగాల్సిన ప్రశ్న "ఎందుకు తీశావు" అన్నది. అది నేను అడగలేదు. వేరే తప్పు ఊహించుకుని, దానికి సంబంధించిన ప్రశ్న అడిగాను. తీసినవాళ్ళకు తెలియనిది హొన్నూరప్పకు తెలిసింది. కథకు ముందు కథ ఎంతైనా చెప్పవచ్చు, భయానికి మాత్రం వంశవృక్షం గీయకూడదు.

కురుగోడు

ఇక చెప్పబోయేది నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ప్రింటు తర్వాత కురుగోడు పోవాలి. డబ్బాలు జీపులో వేయించి నేనే తీసుకెళ్ళాను. కురుగోడు ఆపరేటరుతో, "ఎనిమిదో రీలు బాగాలేదు, పక్కన పెట్టు" అన్నాను. అతను మారుమాట లేకుండా పక్కన పెట్టాడు. మేనేజరు చెబితే అది తప్పు కాదు కదా.

పిక్చర్ నాలుగు వారాలు ఆడింది. ట్రాక్టర్ల మీద ఊళ్ళకు ఊళ్ళు వచ్చి చూశాయి. గనుల దగ్గర పనిచేసే కూలీలు రెండేసి సార్లు చూశారు. లోతు తప్పు రాయించే పెద్దాయన కనబడితే చాలు, "అదిగో మన సూపర్వైజరు!" అని కేకలు వేసేవాళ్ళు. వాళ్ళు ఆ బావిని వేరే లోకపు బావి అనుకోలేదు. రోజూ తాము తవ్వుతున్నదే అనుకున్నారు. ముందు కథ నిజంగా గెలిచింది అక్కడ.

సూర్యంగారు కారులో వచ్చి హాలు చూసుకుని నా భుజం తట్టారు. "రీలు తీసేయించారటగా? మీ బుర్రే బుర్రండి శేషగిరిగారూ. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోతుందా!"

ఆ పక్కన ఇద్దరు ముగ్గురు ఉన్నారు. "అది నా ఆలోచన కాదండీ, హొన్నూరప్పది" అనడానికి ఒక్క ఊపిరి చాలు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మెప్పు నేనే తీసుకున్నాను. అతన్ని దొంగను చేసిన పనికే నన్ను తెలివైనవాణ్ణి చేశారు.

నాలుగో వారంలో ఒక ఆదివారం, మ్యాట్నీ వదిలాక హాలు మెట్ల మీద నిలబడి ఉన్నాను. బయటికి వచ్చే జనంలో హొన్నూరప్ప కనిపించాడు. చొక్కా, జుట్టు, కనుబొమలు అన్నీ ఎర్రదుమ్ము. బళ్లారి రోడ్డులో రాయి కుప్పలు పోసే యార్డులో కాపలా పని చేస్తున్నాడట. టికెట్టు కొనుక్కుని సినిమా చూశాడు. నాకు పక్కకు తప్పుకుందామనిపించింది. అతను నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఎనిమిదో రీలు ఏసినట్టు లేదే శేషప్పా?"

లేదని తలూపాను.

"మంచి పని చేస్తివి. అయితే ఏడో రీలు కడాన స్వల్ప కత్తిరించల్లప్పా. టార్చి ఆరినంక నీలం వెలుతురు వస్తాది చూడు, అది ఎనిమిదో రీలుకి తీసిన షాటు. దాన్నట్లే పెడితివి. జనానికి ఏదో కోసినారని తెలిసిపోతాండాది. కంప్లిలో నేను ఆ ముక్క గూడా తీసింటి. ఆ దినం డబ్బా తెచ్చేకి పైకి పోయినపుడు మళ్ళా అతికించి పెట్టింటి, ప్రింటు పూర్తిగా ఉండల్ల గదా అని."

అతను ఎగతాళి చేస్తున్నాడేమో అని కళ్ళలోకి చూశాను. అప్పటికీ నా అలవాటు పోలేదు. ఎగతాళి లేదు. మిషను సరిగ్గా నడవకపోతే ఆపరేటరు మొహంలో ఉండే ఇబ్బందే ఉంది.

క్యాబిన్లోకి తీసుకెళ్ళాను. చేతులు కడుక్కుని, దుమ్ము దులుపుకుని, ఏడో రీలు వెలుతురుకు పట్టి చూశాడు. గుర్తు పెట్టి కత్తిరించాడు. ఆ ముక్కను చుట్టి ఎనిమిదో రీలు డబ్బాలోనే భద్రంగా పెట్టాడు. తర్వాతి షోలో ఆ చోటు వచ్చేదాకా ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. టార్చి ఆరింది. చీకటి. తెల్లవారింది. కింద హాలంతా ముందుకు వంగి ఉంది.

"ఆ, ఇట్లుండల్ల" అన్నాడు.

"హొన్నూరప్పా, ఆ రోజు నేను..."

"బస్సుకి టైమాయె, వస్తా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

యార్డు

మర్నాడు పొద్దున్నే సూర్యంగారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. రీలు తీయడం ఎవరి ఆలోచనో, నేను గేటు దగ్గర ఏమన్నానో, కురుగోడులో ఎవరి మెప్పు ఎవరు తీసుకున్నారో.

"ఆ రోజు ఫోన్లో నేనూ ఒక్క ప్రశ్న అడగలేదు కదండీ" అన్నారు సూర్యంగారు. "వెళ్ళి పిలుచుకురండి. బళ్లారి హాలు ఇద్దాం. పెద్ద హాలు. నేను పిలిచానని చెప్పండి."

ఆ మధ్యాహ్నమే యార్డుకు వెళ్ళాను. కొండంత ఎత్తున ఎర్రరాయి కుప్పలు, మధ్యలో లారీలు. రేకుల షెడ్డులో హొన్నూరప్ప అన్నం తింటున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి జాగా ఇచ్చాడు. నేను కూర్చుని తప్పైందని చెప్పాను. ఓనరు చెప్పిన మాటా చెప్పాను. అతను తినడం ఆపకుండా విన్నాడు.

"సూర్యంసారు మంచోడు. అడిగినానని చెప్పు. నేను రానప్పా."

"ఎందుకు? అందరి ముందూ నేనే వచ్చి చెబుతాను, తప్పు నాదని. కంప్లిలోనే చెబుతాను."

"ఎవురికి చెప్తావు? ఆ దినం గేటు కాడ ఉన్నోళ్ళు ఎవురో నీకి తెలుసా? నాట్లకొచ్చినోళ్ళు, సంతకొచ్చినోళ్ళు. యాడోళ్ళు యాడికి పోయిరో. నన్ను చూసి కొంగు కప్పుకునె చూడు, ఆయమ్మది ఏ ఊరో నాకి గూడా తెలీదు. ఆయమ్మకి యెట్ల చెప్తావప్పా?"

అతను తినడం ముగించి లేచాడు.

"ఒక మాట అడిగింటే చెప్పింటి" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. కోపంగా అనలేదు.

తర్వాత నేను రిటైరయ్యేదాకా కురుగోడు హాలుకు అతను ఆదివారం మ్యాట్నీకి వస్తుండేవాడు. ఆపరేటరుకు ఏదైనా చెప్పాలంటే చెప్పేవాడు, మిషను మొరాయిస్తే చెయ్యి వేసేవాడు. గేటులో వాళ్ళకు నేను గట్టిగా చెప్పి ఉంచాను, హొన్నూరప్పను ఊరికే లోపలికి పంపండి అని. అతను వినేవాడు కాదు. ఎంత రద్దీగా ఉన్నా వరుసలో నిలబడి టికెట్టు కొనుక్కునేవాడు. ఆ టికెట్టు గేటు దగ్గర అందరికీ కనబడేట్టు చూపించి, చింపించుకుని, సగం ముక్క జేబులో పెట్టుకున్నాకే లోపలికి అడుగు పెట్టేవాడు.